హెడ్‌లైట్ మార్చాక బండి మొరాయిస్తే…



కొత్తపట్నం నుంచి ఒంగోలు వెళ్ళే దారిలో చీకటిపడ్డాక మోటారు సైకిల్ నడిపినవారికి హెడ్‌లైట్ విలువ వేరే చెప్పనక్కరలేదు. ఎదురుగా పత్తి బోరాల ట్రాక్టరు వస్తుంది. వెనుక దీపం లేని సైకిలు ముందు పోతుంటుంది. రోడ్డు పక్కన గేదెలు నడుస్తుంటాయి. కంపెనీ ఇచ్చిన దీపం చాలడం లేదని మన ఊళ్ళలో చాలామంది పెద్ద బల్బో, ఎల్.ఇ.డి. లైటో వేయిస్తున్నారు. వారం తిరగకముందే బ్యాటరీ డౌన్ అయిందనీ, ఫ్యూజు పోతోందనీ, ఇండికేటర్లు పనిచేయడం లేదనీ షాపు చుట్టూ తిరుగుతున్నారు. తప్పు ఎక్కడ జరుగుతుందో, దాన్ని వరుసగా ఎలా వెతకాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. ఇందుకు పదో తరగతిలో చదువుకున్న ఓమ్ నియమం చాలు.

దీపానికి కరెంటు ఎక్కడిది?

ఇంజను తిరిగేటప్పుడు అయస్కాంతం కాయిల్ ప్లేటు చుట్టూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే ఇది. ఇలా పుట్టేది ఏ.సి. కరెంటు. బ్యాటరీకి డి.సి. కావాలి. ఆ మార్పు చేసేది రెగ్యులేటరు యూనిట్.

1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ వంటి పాత 100 సి.సి. బండ్లలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద వెలగదు. కాయిల్ ఇచ్చే ఏ.సి. మీదే వెలుగుతుంది. అందుకే బండి నెమ్మదిస్తే దీపం మసకబారుతుంది, యాక్సిలేటరు ఇస్తే పెరుగుతుంది. అది జబ్బు కాదు, ఆ బండి తయారీయే అంత. కొన్ని బండ్లలో మాత్రం దీపం డి.సి. మీద వెలుగుతుంది. కాబట్టి ఏ పని మొదలుపెట్టినా ముందు తేల్చుకోవలసింది ఇదే. ఇంజను ఆపి, తాళం ఆన్ చేసి, హెడ్‌లైట్ స్విచ్ వేయండి. వెలిగితే డి.సి. వెలగకుండా, స్టార్టు చేశాకే వెలిగితే చాలావరకు ఏ.సి. అనుకోవచ్చు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త మోడళ్ళలో హెడ్‌లైట్ స్విచ్ ఉండదు, ఇంజను నడిస్తే దీపం వెలిగే ఉంటుంది. వాటిలో వైరింగ్ చూసి గాని తేల్చలేము.

లెక్క చూద్దాం

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 35 వాట్ల బల్బు 12 వోల్టుల మీద సుమారు 2.9 ఆంపియర్లు తీసుకుంటుంది. 100 వాట్ల బల్బు 8.3 ఆంపియర్లు లాగుతుంది. వైరు అదే, హోల్డరు అదే, డిప్పర్ స్విచ్ అదే, కరెంటు మాత్రం దాదాపు మూడు రెట్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అదే వైరులో వేడి ఎనిమిది రెట్లు దాటుతుంది. హోల్డరు కరగడం, స్విచ్ లోపల పాయింట్లు కాలడం ఇందువల్లే. పైగా కాయిల్ ఇవ్వగలిగిందే కొద్ది. అది ఇవ్వలేని కరెంటును బల్బు మార్చి తెచ్చుకోలేము.

ఏ.సి. దీపాన్ని తీసి నేరుగా బ్యాటరీకి కలపడం ఇంకొక పొరపాటు. పాత కిక్ స్టార్టు బండ్లలో 2.5 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉండేది. దాని మీద 2.9 ఆంపియర్ల దీపం వేస్తే గంట కూడా నిలవదు. ఆ బండి ఛార్జింగ్ ఈ ఖర్చును పూడ్చలేదు. డి.సి. కావాలంటే కాయిల్ ఎర్తును విడదీసి, ఫుల్ వేవ్ రెగ్యులేటరు పెట్టి, అందుకు తగిన బ్యాటరీ వేయాలి. అది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించవలసిన పని.

కావలసిన సామాను

ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు, రెండు వైర్లు కట్టిన ఇండికేటర్ బల్బు (టెస్ట్ ల్యాంపు), గరుకు కాగితం, ఇన్సులేషన్ టేపు, అదే ఆంపియర్ల కొత్త ఫ్యూజులు ఉంటే చాలు. వైర్లు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ ముందు తీయాలి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర.

జబ్బును బట్టి వెతుకులాట

1. *ఉదయానికి బ్యాటరీ డౌన్.* బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ మీద వోల్టులు చూడండి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం ఖాళీ. తర్వాత స్టార్టు చేసి యాక్సిలేటరు ఇచ్చి చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. దీపం ఆపినప్పుడు వచ్చి, వేస్తే 13 కన్నా దిగిపోతే ఖర్చు ఎక్కువైందని అర్థం. ఛార్జింగ్ బాగానే ఉండి ఉదయానికి డౌన్ అవుతుంటే తాళం తీశాక కూడా ఏదో కరెంటు తాగుతోంది. నెగటివ్ వైరు విప్పి, మల్టీమీటరును ఆంపియర్ల రేంజిలో మధ్యలో కలపండి. కొద్ది మిల్లీ ఆంపియర్లకు మించి చూపితే కొత్త లైటు వైరును తాళం దాటించి నేరుగా బ్యాటరీకి కలిపారేమో చూడండి. మీటరు మధ్యలో ఉండగా సెల్ఫ్ కొట్టవద్దు, మీటరు కాలిపోతుంది.

2. *ఫ్యూజు పదేపదే పోవడం.* ఏ.సి. దీపం ఉన్న బండిలో హెడ్‌లైట్‌కు, బ్యాటరీ ఫ్యూజుకు సంబంధం లేదు. అయినా లైటు మార్చాకే ఫ్యూజు పోతోందంటే, డూమ్ లోపల కుక్కిన హారన్, ఇండికేటర్ వైర్లలో ఏదో నలిగి ఇనుముకు తగులుతోంది. హ్యాండిల్ మెడ దగ్గర ముఖ్యంగా చూడండి. పాత కార్బొరేటర్ బండ్లలో ఫ్యూజు స్థానంలో టెస్ట్ ల్యాంపు కలిపి, స్విచ్‌లన్నీ ఆపి, తాళం ఆన్ చేయండి. ల్యాంపు నిండుగా వెలిగితే షార్టు ఉన్నట్టే. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ, కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ రండి. ఏది తీసినప్పుడు ల్యాంపు ఆరిందో తప్పు ఆ దారిలోనే ఉంది.

3. *దీపం మసక, లేదా డిమ్ వేస్తే మీటరులో బ్రైట్ గుర్తు వెలగడం.* ఇది ఎర్తు జబ్బు. బల్బుకు డిమ్, బ్రైట్ రెండు ఫిలమెంట్లకూ కలిపి ఎర్తు ఒకటే. అది తెగితే డిమ్ కరెంటు బ్రైట్ ఫిలమెంటు గుండా వెనక్కి పోయి మీటరులోని చిన్న బల్బు ద్వారా ఎర్తు అవుతుంది. దీపం వేసి ఉంచి, బల్బు ఎర్తు పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టులు చూడండి (ఏ.సి. బండిలో ఏ.సి. రేంజిలో). అర వోల్టుకు మించితే ఆ ఎర్తు శుభ్రం చేయవలసిందే. హాలోజన్ బల్బుకు 10 శాతం వోల్టేజి తగ్గితే వెలుతురు సుమారు 30 శాతం తగ్గుతుంది. అంటే చాలామందికి కావలసింది కొత్త లైటు కాదు, మంచి ఎర్తు!

4. *ఎల్.ఇ.డి. మిణుకుమిణుకుమనడం.* డి.సి. కోసం చేసిన లైటును ఏ.సి. వైరుకు కలిపితే ఇంజను వేగంతోపాటు మిణుకుతుంది, త్వరగా పాడవుతుంది. డి.సి. మీద అసలు వెలగకపోతే పాజిటివ్, నెగటివ్ తారుమారు అయ్యాయేమో చూడండి.

5. *ఇండికేటర్ గబగబా కొట్టుకోవడం.* హెడ్‌లైట్‌తోపాటు ఇండికేటర్లు కూడా ఎల్.ఇ.డి. వేయిస్తే లోడు తగ్గి పాత ఫ్లాషర్ తికమకపడుతుంది. ఎల్.ఇ.డి.కి సరిపడే ఫ్లాషర్ వేస్తే సరి.

వైరు రంగులు దారి చూపుతాయి. హీరో హోండా బండ్లలో ఆకుపచ్చ వైరు ఎర్తు. వేరే కంపెనీల రంగులు వేరు కాబట్టి మీటరు పెట్టి చూశాకే నమ్మండి.

సముద్రపు గాలి

మనది తీరప్రాంతం. ఉప్పుగాలికి కప్లర్లలో రాగి పిన్నుల మీద పచ్చని చిలుము పడుతుంది, ఫ్రేము మీది ఎర్తు బోల్టు తుప్పు పడుతుంది. ఒంగోలు దాటి లోపలి ఊళ్ళలో ఏళ్ళు నిలిచే జాయింటు ఇక్కడ ఒక వానాకాలానికే చెడవచ్చు. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం కాక, సోల్డరింగ్ చేసి స్లీవు వేయించాలి. ఎర్తు బోల్టు గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు పూయాలి.

చేయకూడనివి

ఫ్యూజు పోయినచోట రాగి తీగో, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో చుట్టవద్దు. ఫ్యూజు కాలవలసిన చోట వైరింగ్ అంతా కాలుతుంది, పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. 2020 తర్వాత వచ్చిన ఫ్యూయల్ ఇంజక్షన్ బండ్లలో ఇంజనుకే కరెంటు కావాలి. ఫ్యూజు పోతే రాత్రివేళ దీపంతోపాటు బండి కూడా రోడ్డు మధ్యలో ఆగిపోవచ్చు. అటువంటి బండి వైరింగ్ మీద ప్రయోగాలు వద్దు.

కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చడం మీద 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనులో ఆంక్షలున్నాయి. చట్టం మాట అటుంచినా, మన దీపం ఎదుటివాని కళ్ళు మూయిస్తే ఆ క్షణంలో అతను గోతిలో పడవచ్చు, రోడ్డంట నడిచే కూలివాళ్ళను గుద్దవచ్చు. మిరపకోతల రోజుల్లో పొద్దుపోయాక ఇంటికి నడిచి వచ్చేది మన అమ్మలూ అక్కలే. కాబట్టి దీపాన్ని కిందికి దించి బిగించండి, ఎదురుబండి కనబడగానే డిమ్ చేయండి.

చివరగా

తమ్ముళ్ళూ! పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, మోటారు మెకానిక్ ట్రేడులు ఉన్నాయి. ఇంజను పని తెలిసిన మెకానిక్కులు ప్రతి ఊళ్ళో దొరుకుతారు. మీటరు పట్టుకుని వైరింగ్ జబ్బు వెతకగలవారు తక్కువ. తోచిన పార్టల్లా మార్చి బిల్లు వేసేవానికీ, తప్పు ఎక్కడుందో కనిపెట్టి పది రూపాయల ఫ్యూజుతో బండి పంపించేవానికీ తేడా జనానికి త్వరగానే తెలుస్తుంది. సెలవుల్లో దగ్గరలోని షాపులో కూర్చుని ఈ పని చూడండి. ఆ రంగంలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు హాస్టలుకు వచ్చినప్పుడు ఒక పాత వైరింగ్ కిట్టు, ఒక మల్టీమీటరు తెచ్చి ఒక్క ఆదివారం తమ్ముళ్ళకు నేర్పితే, పాఠంలో చదివిన ఓమ్ నియమం వారికి కూడు పెట్టే విద్య అవుతుంది.