చూసి, తాకి, తట్టి, విని...

స్కానింగు గది దాకా వెళ్లకముందే ఒళ్లు చెప్పేది చాలా ఉంటుంది. ఓపిగ్గా చదివే డాక్టరు కావాలంతే!

రోగి తలుపు తోసుకుని వస్తుండగానే పరీక్ష మొదలవుతుంది. కుర్చీ దాకా నడిచేసరికే ఆయాసపడుతున్నాడా, ఒక కాలు ఈడుస్తున్నాడా, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడా... చెయ్యి తిరిగిన డాక్టర్లు పేరు అడిగేలోపే ఇవన్నీ గమనిస్తారు. ఆ తర్వాతే తాకడం, తట్టడం, వినడం. ఇప్పుడు చాలాచోట్ల ఈ నాలుగూ రెండు నిమిషాల్లో ముగిసి, చేతికి రక్తపరీక్షల చీటీ వస్తోంది. పరీక్షలు అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ఏ పరీక్ష రాయాలో తేల్చాల్సింది ఈ నాలుగే కదా!

కింది రెప్ప లాగి చూస్తే లోపలి పొర పాలిపోయి ఉందా? రక్తహీనతేమోనని అనుమానించాలి. కామెర్లను కంటి తెల్లగుడ్డులో, అదీ పగటి వెలుతురులో వెతకాలి. లైటు వెలుగులో లేత పసుపు తప్పించుకుంటుంది. కాలి ముందు ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి వదిలితే గుంట మిగిలిందంటే నీరు చేరినట్టు. అప్పుడిక గుండె, మూత్రపిండాలు, కాలేయం వైపు చూపు మళ్లాలి. దక్షిణాఫ్రికా హృద్రోగ నిపుణుడు లియో షామ్రోత్ అయితే తన జబ్బునే పాఠంగా మార్చాడు. గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ సోకినప్పుడు తన వేలికొసలు ఉబ్బడం గమనించి, 1976లో ఓ తేలిక పరీక్ష రాశాడు. రెండు చేతుల్లోనూ ఒకే వేలిని తీసుకుని గోరుకు గోరు ఆనించాలి. మామూలుగా అయితే మధ్యలో వజ్రాకారపు చిన్న సందు కనిపిస్తుంది. అది మూసుకుపోతే గుండెనో ఊపిరితిత్తులనో పరీక్షించాల్సిందే.

తట్టి చూసే విద్య వియన్నాలో పుట్టింది. అక్కడి వైద్యుడు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్ తండ్రి గ్రాట్స్‌లో సత్రం నడిపేవాడు. పీపాను తట్టి ద్రాక్షసారా ఏ మట్టానికి ఉందో చెప్పడం కొడుక్కి అక్కడే అబ్బిందంటారు. ఛాతీలో నీరు చేరితే శబ్దం ఎలా మారుతుందో శవాల మీద ప్రయోగించి నిర్ధారించుకుని, 1761లో చిన్న పుస్తకం వేశాడు. పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1808లో నెపోలియన్ వైద్యుడు కోర్విసార్ దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాకే ప్రపంచం కళ్లు తెరిచింది. మరుసటి ఏడే ఆవెన్‌బ్రుగ్గర్ కన్నుమూశాడు. అన్నట్టు ఈయన సాలియెరీ సంగీతం కట్టిన ఓ ఒపేరాకు మాటలు కూడా రాశాడు. చెవి అలాంటిది మరి!

ఇప్పటి పద్ధతిలో ఎడమ చేతి మధ్యవేలిని ఛాతీకి ఆనించి, దాని కణుపు మీద కుడి మధ్యవేలితో కొడతారు. కదలాల్సింది మణికట్టు మాత్రమే. గాలి నిండిన చోట బోలుగా మోగుతుంది. నెమ్ము పట్టినా, నీరు చేరినా మొద్దుగా పలుకుతుంది. బజారులో కుండ కొట్టి చూసి కొనే మనకు ఈ తేడా కొత్తేమీ కాదు.

1816లో పారిస్‌లో వైద్యుడు రెనె లేనెక్‌కు ఇంకో చిక్కు వచ్చింది. గుండెజబ్బు లక్షణాలతో వచ్చిన బొద్దుపాటి యువతి ఛాతీకి చెవి ఆనించడం మర్యాద కాదు. కాగితాలను గొట్టంలా చుట్టి విన్నాడు. శబ్దం మరింత స్పష్టంగా వినిపించింది. స్టెతస్కోపు అలా పుట్టింది. ఊపిరితిత్తుల చప్పుళ్లకు పేర్లు పెట్టిన ఆయన్ని 1826లో క్షయే బలి తీసుకుంది. ఆ పరికరాన్ని ఇవాళ చొక్కా మీదే ఆనించి తీసేస్తున్నారు. గుడ్డ రాపిడిలో సన్నని చప్పుళ్లు కలిసిపోతాయి.

పొట్ట దగ్గర ఈ వరుస మారుతుంది. చూశాక ముందు వినాలి, ఆ తర్వాతే తట్టాలి, నొక్కాలి. ముందే నొక్కితే పేగుల కదలిక మారిపోవచ్చు. నొప్పి ఉందన్న చోటును చివరికి వదిలెయ్యాలి. నొక్కేటప్పుడు డాక్టరు కళ్లు రోగి ముఖం మీద ఉండాలి. నోరు ‘లేదు’ అన్నా నొసలు ముడిపడుతుంది.

ఊపిరి లెక్కలో చిన్న యుక్తి ఉంది. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరైనా ఊపిరి తీరు మార్చేస్తారు. అందుకే నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, ఛాతీని గమనిస్తారు. పెద్దవాళ్లలో నాడి నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20 ఉండాలి. కోవిడ్ రోజుల్లో ఎన్నో ఇళ్లకు ఆక్సీమీటర్ వచ్చింది. 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఆక్సిజన్ తగ్గిన సంగతి ఈ పరికరానికి అందకుండా పోవడం తెల్లవారిలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. తెర మీద 96 కనిపిస్తున్నా, మనిషి మాట పూర్తి చేయలేక నిమిషానికి 30 సార్లు ఊపిరి తీస్తుంటే ఆలస్యం చేయకూడదు.

పసిపిల్లల విషయంలో ఈ లెక్క ప్రాణాలు నిలుపుతుంది. దగ్గుతున్న బిడ్డ 2 నెలల లోపుదైతే నిమిషానికి 60, ఏడాదిలోపుదైతే 50, ఐదేళ్లలోపుదైతే 40... అంతకు చేరినా, దాటినా నెమ్ము అనుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డొక్కలు ఎగరేస్తుంటే అంకెలతో పనే లేదు, బయల్దేరాల్సిందే. ఏడుస్తున్నప్పుడో, పాలు తాగుతున్నప్పుడో లెక్కపెట్టకూడదు. తల్లి ఒళ్లో కుదురుగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కించాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే తప్పొస్తుంది. పసివాళ్ల ఊపిరి ఒక్క తీరుగా సాగదు, కాసేపు పరుగెడుతుంది, కాసేపు నెమ్మదిస్తుంది.