వీసా వేరు, బస గడువు వేరు

కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను అధికారి యొకడు కలడు. ఒక మాషము రుసుము గైకొని బాటసారులకు ముద్ర నిచ్చుట అతని పని. ఆ ముద్రను దారిలో పరీక్షించుటకు వివీతాధ్యక్షుడను వేరొక అధికారి కలడు. ఇచ్చువా డొకడు, చూచువా డొకడు. నేటి ఏర్పాటును ఇట్టిదే. విదేశమునకు పోవువారికి వీసా నిచ్చు అధికారి ఒకడు. ఆ దేశపు వాకిట నిలిచి వారిని లోనికి విడుచు అధికారి వేరొకడు. ఈ యిద్దరి పనియు ఒక్కటే యని భ్రమించుటవలననే విదేశములలో చిరకాలము బస చేయువారికి పెక్కు చిక్కులు కలుగుచున్నవి.

తెలుగునాట ఈ విషయము ముఖ్యముగా అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు సంబంధించినది. కుమార్తె పురుటికో, మనుమని అన్నప్రాశనకో, కుమారుని గృహప్రవేశమునకో బయలుదేరు పెద్దలు మన యిరుగుపొరుగున ఎందరో కలరు. 2008లో హైదరాబాదునందలి పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు నెలకొన్నది; 2023లో అది నానక్‌రామ్‌గూడలోని నూతన భవనమునకు మారినది. ఈ సదుపాయము వచ్చిన పిమ్మట వీసా పొందుట యెట్లో మనవారికి బాగుగ తెలిసినది. పొందిన వీసాకు అర్థ మేమో అంత బాగుగ తెలియలేదు.

సందర్శకుల కిచ్చు బి-2 తరగతి వీసా భారతీయులకు సాధారణముగ 10 సంవత్సరముల గడువుతో వచ్చును. పాస్‌పోర్టులో అంటించిన ఆ పత్రముపై గడువు తేదీ స్పష్టముగా అచ్చువేయబడి యుండును. దానిని చూచి, "మాకు పదేండ్ల వీసా ఉన్నది, ఇక తొందర యేమి?" అని నిశ్చింతగా ఉండువారు కలరు. ఆ పదేండ్లును వాకిలి తట్టుటకు ఇచ్చిన అనుమతియే గాని, ఇంట నుండుటకు ఇచ్చిన అనుమతి కాదు. ఆ కాలములో ఎన్ని పర్యాయములైనను వెళ్లి ప్రవేశము కోరవచ్చును. కోరిన ప్రతి పర్యాయమును, లోనికి విడువవలెనా, విడిచినచో ఎన్నాళ్లు ఉండనీయవలెనా యను నిర్ణయము విమానాశ్రయమునందలి అధికారిది.

ఆ నిర్ణయము ఐ-94 అను పత్రమున నమోదగును. పూర్వ మిది పాస్‌పోర్టునకు గుచ్చి యిచ్చెడి చిన్న కాగితము. 2013 నుండి విమానములందును, ఓడలందును వచ్చువారికి కాగితము మాని, వివరములను కంప్యూటరులోనే భద్రపరచుచున్నారు. చేతికి కాగితము రాదు గనుక గడువే లేదని అనుకొనరాదు. గమ్యము చేరిన మొదటి వారములోనే పిల్లలచేత ప్రభుత్వ వెబ్‌సైటున ఆ పత్రమును తెరిపించి, పేరు, పాస్‌పోర్టు సంఖ్య, గడువు తేదీ సరిగా ఉన్నవో లేవో చూచుకొని, ఒక ప్రతిని అచ్చు తీయించుకొనవలెను. తప్పులున్నచో సరిదిద్దించుకొను మార్గమును కలదు. కాని తప్పును ముందుగా కనిపెట్టవలసినది మనమే.

బి-2 సందర్శకులకు సాధారణముగ ఆరు నెలల గడువు నిత్తురు. జనవరి 10న దిగిన దంపతులకు జూలై 9 అని వ్రాయబడినదనుకొందము. వారు వ్రేళ్లు మడచి దినములు లెక్కించుకొన నక్కరలేదు. పత్రముపై నున్న తేదీయే ప్రమాణము. దంపతు లిద్దరును కలిసి దిగినను ఎవరి పత్రము వారిదే గనుక రెండింటిని వేరువేరుగా చూడవలెను. పాస్‌పోర్టు గడువు త్వరలో ముగియునట్లున్నచో అధికారి బస గడువును ఆ తేదీకే కుదించుటయు కలదు. కావున పాస్‌పోర్టును బయలుదేరుటకు ముందే నవీకరించుకొనుట మేలు.

ఇంకొక సందేహము. బస సాగుచుండగా వీసా గడువు తీరినచో ఏమగును? ఐ-94 తేదీ ఇంకను మిగిలియున్నంతవరకు ఏమియు కాదు. లోనికి వచ్చిన వానికి వాకిలి తట్టు అనుమతితో పని లేదు. తిరుగు ప్రయాణము చేసి, మరల పోదలచినప్పుడు క్రొత్త వీసా కోరిన చాలును. ఇందుకు విపర్యయము మాత్రము ప్రమాదకరము: వీసాకు ఎనిమిదేండ్లు మిగిలియున్నను, ఐ-94 తేదీ దాటిన మరునాటినుండి ఆ బస చట్టవిరుద్ధమే.

మన దంపతుల కుమార్తెకు జూన్ చివరలో కాన్పు అయినదనుకొందము. బాలింతకు ఆరోగ్యము కుదుటపడలేదు. జూలై 9 దగ్గరపడుచున్నది. తల్లి మన సెట్లు బయలుదేరనిచ్చును? "ఇంకొక నెల యుండిన ఎవరు చూడవచ్చిరి?" అను మాట ఇట్టి సమయముననే ఇంట పుట్టును. ఆ మాట విని ఊరకుండరాదు. గడువు దాటినంతనే ఆ పదేండ్ల వీసా దానంతట అదే రద్దగును. 1996 నాటి చట్టము ప్రకారము, అక్రమముగ 180 దినములకు మించి ఉండి వెడలినవారికి 3 సంవత్సరములును, ఒక సంవత్సరము, అంతకు మించి ఉన్నవారికి 10 సంవత్సరములును పునఃప్రవేశము నిషేధింపబడును. డెబ్బది యేండ్ల అమ్మమ్మకు పదేండ్ల నిషేధ మనగా అర్థ మేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క నెల మనుమరాలిని ఎత్తుకొని యుండుటకై, ఆమె ఎదుగుదలను చూచు అవకాశమునే పోగొట్టుకొన్నట్లగును.

ఇట్టి అవసరమునకు చట్టమే ఒక దారి చూపినది. ఐ-539 అను దరఖాస్తుతో, బసను మరికొంతకాలము పొడిగింపుమని ఇమ్మిగ్రేషను శాఖను కోరవచ్చును. ఒక పర్యాయమునకు ఆరు నెలల వరకు పొడిగింపు నీయవచ్చును. దరఖాస్తు గడువు తీరకముందే ఆ శాఖకు చేరియుండవలెను. కనీసము 45 దినములు ముందుగా పంపుట మంచిదని ఆ శాఖయే సూచించుచున్నది. ఏల ఉండవలసి వచ్చినదో, ఖర్చు లెవరు భరింతురో, తుదకు స్వదేశమునకు మరలివత్తురనుటకు ఆధార మేమో అందు తెలుపవలెను. వైద్యుని లేఖ, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు, స్వగ్రామమునందలి యింటి పత్రములు, పింఛను కాగితములు ఇందుకు అక్కరకు వచ్చును.

సకాలమున దరఖాస్తు చేసినచో, తీర్పు వచ్చులోపల గడువు దాటినను, ఎదురుచూచిన ఆ దినములను నిషేధమునకు కారణమగు అక్రమ నివాసముగ సాధారణముగ లెక్కింపరు. తీర్పు ప్రతికూలమైనచో ఒక్క దినమైనను జాగు చేయక బయలుదేరవలెను. తీర్పు రాకముందే పని ముగిసి తిరిగి రాదలచినవారు రావచ్చును. కాని దరఖాస్తు అందినట్లిచ్చిన రశీదును పారవేయరాదు. మరుసటి పర్యాయము "గత పర్యాయము ఆలస్యముగ ఏల వెడలితిరి?" అని అడిగినప్పుడు దానిని చూపవలసియుండును. ఆకస్మికముగ ఆసుపత్రి పాలైనవారివలె, తమ చేతిలో లేని అసాధారణ కారణముచే ఆలస్యమైనవారి దరఖాస్తును మన్నించు నిబంధన లేకపోలేదు. కాని అది అధికారి విచక్షణ, మన హక్కు కాదు.

ఇక సరిహద్దు దాటుట. అమెరికా చూడబోయిన మనవారిలో నయాగరా జలపాతము చూడగోరనివారు అరుదు. ఆ నది కీవలి యొడ్డు అమెరికా, ఆవలి యొడ్డు కెనడా. 1941లో నిర్మింపబడిన రెయిన్‌బో వంతెన మీద నడచియైనను ఆవలికి చేరవచ్చును. వంతెన చిన్నదే గాని, ఆవలిది వేరు రాజ్యము. అమెరికా సందర్శక వీసాతో భారతీయులు కెనడాలో ప్రవేశింప వీలులేదు. కెనడా వీసా వేరుగా పొందియుండవలెను. అది లేనివారు జలపాతమును ఈవలి యొడ్డునుండియే చూచి ఆనందింపవలెను.

"ఒకసారి కెనడా పోయివచ్చిన మరి ఆరు నెలలు లభించునట" యని చెప్పువారు కలరు. ఈ మాట నమ్మదగినది కాదు. 30 దినముల లోపల కెనడా చూచి తిరిగి వచ్చువారిని పాత గడువులో మిగిలిన కాలమునకే విడుచుట వాడుక. క్రొత్త గడువు నిచ్చుటయో, మానుటయో అధికారి యిచ్ఛ. గడువు పెంచుకొనుటకే సరిహద్దు దాటినారని తోచినచో ప్రవేశమునే నిరాకరింపవచ్చును. పైగా 2013 నుండి ఆ రెండు దేశములును భూమార్గమున వచ్చిపోవు మూడవ దేశస్థుల వివరములను ఒండొరులకు తెలుపుకొనుచున్నవి. ఒక దేశమునందలి ప్రవేశమే రెండవ దేశమునుండి నిష్క్రమణగా లెక్కకు వచ్చును.

అమెరికా విమానాశ్రయములలో మన దేశమునందువలె వెడలిపోవువారి పాస్‌పోర్టుపై ముద్ర వేయు అధికారి ఉండడు. విమాన సంస్థ లిచ్చు ప్రయాణికుల జాబితానుబట్టియే నిష్క్రమణము నమోదగును. అందు పొరపాటు జరిగినచో వెడలిన మనిషి వెడలనట్లే ఉండును. కావున తిరుగు ప్రయాణపు బోర్డింగు పాసును, స్వదేశమున వేసిన ప్రవేశ ముద్రను సాక్ష్యముగ దాచుకొనవలెను.

తిరిగి వచ్చిన పిమ్మట మరల ఎన్నాళ్లకు పోవచ్చునని పలువురు అడుగుదురు. ఇన్ని నెలలని నిర్ణయించిన నియమము లేదు. సంవత్సరములో అధిక భాగము అచ్చటనే గడుపువానిని చూచి, ఇతడు సందర్శకుడా, నివాసియా యని అధికారి సందేహించును. ఏల వచ్చితిరి, ఎవరి యింట నుందురు, ఎప్పుడు మరలుదురు అను ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్లు, క్లుప్తముగ చెప్పవలెను. ఆంగ్లము రానివారు జంకక తెలుగు దుబాసీని కోరవచ్చును. జీతమునకు పనిచేయుట సందర్శకులకు తగదని మరువరాదు.

రుసుములును, దరఖాస్తుల తీరును తరచు మారుచుండును. కావున ప్రయాణమునకు ముందు ప్రభుత్వపు ప్రకటనలనే చూచుకొనవలెను. పెండ్లి పందిరిలో విన్న మాటను ప్రమాణముగ గైకొనరాదు. మేము చెప్పినదానిలో మారని దొక్కటి కలదు: గడువు తేదీని తెలిసికొనుట. దానిని వంటింటి గోడమీది కేలండరులో ఎఱ్ఱ సిరాతో గుర్తించి, దానికి రెండు నెలల ముందు ఇంకొక గుర్తు పెట్టుడు. ఆ మొదటి గుర్తు కనబడిననాడు ఇంటిల్లిపాదియు కూర్చుండి, తిరుగు ప్రయాణమో, దరఖాస్తో నిశ్చయించుకొనుడు. అట్లు చేసినవారు మనుమల పుట్టినరోజులకు మరల మరల పోవుచునే యుందురు.