జీతంలో కారుకు ఎంత? దుబాయిలో కిస్తు ఒక్కటే లెక్క కాదు

ఈ వారం ఎపిసోడ్‌లో కారు గురించి మాట్లాడుకున్నాం. వింటూ అంకెలు రాసుకోవడం కష్టం కాబట్టి ఆ లెక్కనంతా ఇక్కడ వరుసగా పెడుతున్నాను. నేను బ్యాంకు మనిషిని కాదు. ఐటీఐ చదివి, దుబాయిలో సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నవాణ్ని. స్లాబుకు ఎంత స్టీలు, ఎంత కాంక్రీటు పడుతుందో తేల్చకుండా మనం షట్టరింగ్ మొదలుపెట్టం కదా. కారు కూడా అంతే.

ఫోర్‌మన్ అయిన తమ్ముళ్లు లైసెన్సు చేతికి రాగానే అడిగే మాట ఒక్కటే. "అన్నా, కిస్తు 470 అంటున్నరు, తీసుకోవాల్నా?" 470 దిర్హమ్‌లు కట్టగలవా అని నేను అడగను. అడగాల్సినవి వేరే ఉన్నాయి.

మొదట, నీ జీతం ఎంత?

ఓటీ కలిపి 6,000 వస్తుంది అంటారు. అందులో ఓటీ 1,000 తీసెయ్యండి. స్లాబు పనులు జోరుగా నడిచినన్నాళ్లే ఆ డబ్బు. ఫినిషింగ్‌కు వచ్చేసరికి ఓటీ పోతుంది, కిస్తు మాత్రం పోదు. కాబట్టి జీతం అంటే ఏ నెలైనా తప్పకుండా అకౌంట్లో పడేది. ఇక్కడ అది 5,000.

ఇప్పుడు అందులోంచి ఇంటికి 2,500. తిండికి, ఫోనుకు 900. ఊరికి పోయే టికెట్‌కు, ఆపదకు దాచేది 700. రూము కంపెనీదే అనుకుందాం. మిగిలింది 900. కారు ఈ 900లోనే నడవాలి. ఇంటికి పంపేదాంట్లో కోత పెట్టి నడిపే కారు మనది కాదు, ఇంటివాళ్ల డబ్బుతో తిరుగుతున్న కారు.

తర్వాత, కారు ఖర్చు ఎంత?

30,000 దిర్హమ్‌ల సెకండ్‌హ్యాండ్ కారు అనుకుందాం. ఇక్కడి సెంట్రల్ బ్యాంకు నిబంధన ప్రకారం కనీసం 20 శాతం మనమే పెట్టుకోవాలి, లోను 5 ఏళ్లు దాటకూడదు. అంటే మన చేతి నుంచి 6,000, బ్యాంకు నుంచి 24,000. ఫ్లాట్ వడ్డీ 3.5 శాతం అంటే ఏడాదికి 840, ఐదేళ్లకు 4,200. మొత్తం 28,200ను 60 నెలలకు పంచితే 470. షోరూమ్‌వాళ్లు చెప్పే అంకె ఇదే.

ఫ్లాట్ వడ్డీలో ఒక కిటుకు ఉంది. నెలనెలా అసలు తీరుతున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 24,000 మీదే వేస్తారు. మిగిలిన అసలు మీద లెక్క కడితే ఆ 3.5 నిజానికి దాదాపు 6.5 శాతం. రెండు బ్యాంకులను పోల్చేటప్పుడు ఒకరి ఫ్లాట్ రేటును ఇంకొకరి రెడ్యూసింగ్ రేటుతో పోల్చకండి.

ఇక నెల ఖర్చు చూడండి. ఇవి నేను ఉదాహరణకు వేసిన అంకెలు. మీ దారిని బట్టి మీవి వేసుకోండి.

కిస్తు 470
పెట్రోలు 350
ఇన్సూరెన్సు, ముల్కియా రెన్యువల్, టెస్టు (ఏడాదికి 1,800) 150
సాలిక్ 156
పార్కింగ్ 100
సర్వీసు, టైర్లు, బ్యాటరీ 200
మొత్తం 1,426

సాలిక్ లెక్క ఇదీ. 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో గేటు దాటితే 6 దిర్హమ్‌లు, మిగతా వేళల్లో 4, రాత్రి 1 నుంచి ఉదయం 6 దాకా ఉచితం. మనం తెల్లవారుజామునే సైటుకు పోతాం కాబట్టి పొద్దున గేటు ఫ్రీ. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఒక్క గేటుకు 6 చొప్పున 26 రోజులకు 156. ఉదయం 6 దాటాక బయలుదేరే డ్యూటీ అయితే ఇది రెట్టింపు.

బ్యాటరీ, టైర్లు అని రాశానని నవ్వకండి. ఈ ఎండకు బ్యాటరీ మన ఊళ్లో నడిచినన్నాళ్లు నడవదు. టైరు పైకి బాగానే కనిపించినా, తయారై 5 ఏళ్లు దాటితే టెస్టులో ఒప్పుకోరు. బాకీ ఉన్న ఫైన్లు కట్టందే ముల్కియా రెన్యువల్ కాదు.

470 అనుకున్న కారు 1,426 అయింది, దాదాపు మూడింతలు. మన దగ్గర ఉన్నది 900. కిస్తు లేకుండా మొత్తం నగదుకే కొన్నా నెలకు 956 అవుతుంది. అంటే ఈ జీతానికి ఇప్పుడు కారు వద్దు.

మరి ఎవరు కొనొచ్చు?

రెండు మూడు సైట్లు చూసే పని ఉండి, కంపెనీ నెలకు 600 అలవెన్సు ఇస్తే కారు 826కు దిగుతుంది. అప్పుడు 900లో పడుతుంది. అందుకే బండి చూడకముందు హెచ్‌ఆర్ దగ్గరికి పోండి. అలవెన్సు నోటిమాటగా కాదు, కాగితం మీద ఉండాలి.

"నలుగురిని ఎక్కించుకుని కార్ లిఫ్ట్ నడిపితే కిస్తు వెళ్లిపోతది" అనే లెక్క మాత్రం వెయ్యకండి. పర్మిట్ లేకుండా డబ్బు తీసుకుని మనుషులను తిప్పడం ఇక్కడ నేరం. ఒక్కసారి దొరికితే నెలల సంపాదన ఫైనుకే పోతుంది.

సైటు మెట్రోకో, బస్సుకో దగ్గరైతే అన్ని జోన్లకూ చెల్లే 30 రోజుల నోల్ పాసు 350. సెలవు రోజు పిల్లల్ని బయటికి తీసుకెళ్లడానికే కారు కావాలంటే, ఆ ఒక్కరోజుకు అద్దెకు తీసుకోవడం చాలా చవక.

నా కొలత ఇది. కంపెనీ ఇచ్చేది తీసేశాక కారు మొత్తం ఖర్చు స్థిర జీతంలో ఐదో వంతు దాటకూడదు. దాటకపోయినా, ఇంటికి పంపగా మిగిలినదాంట్లో పట్టాలి. ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

చివరి పరీక్ష: రేపే పని పోతే?

ఊళ్లో ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న అంతగా అక్కర్లేదు, మనకు కావాలి. మన వీసా రెండేళ్లది, లోను ఐదేళ్లది. పై లెక్కలో ఏడాది కట్టాక కూడా బ్యాంకుకు ఇంకా దాదాపు 19,800 బాకీ ఉంటుంది. ప్రాజెక్టు అయిపోయి, తొందరలో అమ్మితే కారుకు 17,000 వచ్చిందనుకోండి. 2,800 తక్కువ. బేసిక్ 3,000 ఉన్నవాడికి ఒక ఏడాది గ్రాట్యుటీ 21 రోజుల బేసిక్, అంటే 2,100. అది మొత్తం పోసినా బాకీ తీరదు. ఎన్నో రాత్రులు బెడ్ స్పేస్‌లో పడుకుని కూడబెట్టిన సొమ్ము కారుకే పోయి, ఖాళీ చేతులతో ఇల్లు చేరాలి. బాకీ అలాగే వదిలేస్తే బ్యాంకు కోర్టుకు పోవచ్చు, దేశం దాటకుండా ట్రావెల్ బ్యాన్ తేవచ్చు. ఇంట్లో చావో పెళ్లో ఉన్నరోజు ఎయిర్‌పోర్టులో ఆగిపోవడం కన్నా పెద్ద నష్టం మనకు లేదు.

కాబట్టి లోను ఎప్పుడూ కారు అమ్మకం ధర కన్నా కిందే ఉండాలి. అలా ఉండాలంటే ముందు కట్టేది పెంచండి, లేదా చిన్న బండికి దిగండి. వీసా గడువులోపు తీరని లోను అవసరమయ్యే కారు మన జీతానికి పెద్ద కారే.

ఈ శుక్రవారం ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాయండి. స్థిర జీతం, ఇంటికి పంపేది, మిగిలేది, కారు మొత్తం ఖర్చు. ఇంట్లో ఆమెకు ఫోన్ చేసి చదివి వినిపించండి. ఆమె కూడా సరే అంటే అప్పుడు బండి చూడటానికి పోండి.