బ్యాక్టీరియా తోడిపోస్తుంది, మిరియం అడ్డుపడుతుంది

1948లో ఆరియోమైసిన్ అనే కొత్త మందు వైద్యుల చేతికొచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అప్పట్లో అమెరికాలోని లెడర్లీ కంపెనీ పరిశోధనలకు సారథి. అక్కడే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దాన్ని రాబట్టాడు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. రకరకాల బ్యాక్టీరియాల మీద పనిచేసింది. ఆ తర్వాత మామూలు కథే, కొన్ని బ్యాక్టీరియాలు మొండికేశాయి.

ఆ మొండితనం గుట్టు ఒకటి 1980లో బయటపడింది. బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ లెవీ బృందం ఈ.కొలి బ్యాక్టీరియాను పరిశీలించింది. అది టెట్రాసైక్లిన్‌ను ముక్కలు చేయడం లేదు. పడవలోకి ఊరే నీళ్లను తోడిపోసినట్టు, లోపలికొచ్చిన మందును వచ్చింది వచ్చినట్టే బయటికి పంపేస్తోంది. కణం చుట్టూ ఉండే పొరలో ఇమిడిన ఒక ప్రొటీన్‌దే ఈ పని. ఇలాంటివాటిని శాస్త్రవేత్తలు పంపులనే పిలుస్తారు. కొన్ని పంపులు ఒకే రకం మందును పోల్చుకుంటాయి. కొన్నింటికి ఆ పట్టింపు లేదు, ఒకదానితో ఒకటి పోలికే లేని మందులను కూడా గెంటేస్తాయి. చీముపుండ్లకు, రక్తంలో ఇన్‌ఫెక్షన్లకు కారణమయ్యే స్టాఫైలోకాకస్ ఆరియస్‌లో ఉండే ‘నోర్-ఏ’ పంపు ఈ రెండో కోవకు చెందింది.

మందులకు లొంగని బ్యాక్టీరియాల వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ మొండితనానికి పంపులొక్కటే కారణం కాదు గానీ, వాటి వాటా తక్కువేమీ కాదు.

మొక్కల సంగతి ఇక్కడే ఆసక్తికరం. ఆకు రసాలనో బెరడు సారాలనో బ్యాక్టీరియా మీద పరీక్షిస్తే ఫలితం తరచూ నీరసంగానే ఉంటుంది. పెన్సిలిన్‌తో పోలిస్తే వందల రెట్లు ఎక్కువ మోతాదు కావాల్సి వస్తుంది. మరి నిత్యం సూక్ష్మజీవుల మధ్య బతికే మొక్క తనను తాను ఎలా కాపాడుకుంటోంది? 2000 సంవత్సరంలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందం అమెరికా నైరుతి ప్రాంతంలో పెరిగే ఒక బెర్బెరిస్ పొదలో దీనికి జవాబు చూపింది. మన దారుహరిద్రకు అది దగ్గరి బంధువు. దానిలో బెర్బెరిన్ అనే పసుపు పదార్థం ఉంది, అది బ్యాక్టీరియాను చంపగలదు. కానీ నోర్-ఏ పంపు దాన్ని గెంటేస్తుంది. అదే మొక్కలో మరో పదార్థం కూడా ఉంది. విడిగా పరీక్షిస్తే అది బ్యాక్టీరియాను ఏమీ చేయదు. బెర్బెరిన్‌తో కలిపితే మాత్రం పంపును అడ్డుకుంటుంది. చంపేది ఒకటి, దారి కాచేది మరొకటి. ఒక్కో పదార్థాన్నీ విడదీసి పరీక్షించే మన పద్ధతికి ఈ జోడీ ఇన్నాళ్లూ చిక్కకపోవడంలో వింతేముంది?

అలా దారి కాచే పదార్థం ఒకటి మిరియాల్లోనూ ఉంది. మిరియం ఘాటుకు మూలమైన పైపరిన్‌ను 1819లో వేరుచేసింది డెన్మార్క్‌కు చెందిన ఓర్‌స్టెడ్. మరుసటి ఏడాది విద్యుత్తుకూ అయస్కాంతానికీ ఉన్న సంబంధాన్ని కనిపెట్టింది కూడా ఆయనే. జమ్మూలోని ఒక పరిశోధనాశాల శాస్త్రవేత్తలు 2006లో పైపరిన్‌ను సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి స్టాఫైలోకాకస్ మీద ప్రయోగించారు. మామూలుకన్నా తక్కువ సిప్రోఫ్లాక్ససిన్‌తోనే బ్యాక్టీరియా పెరుగుదల ఆగింది. మెథిసిలిన్ అనే మరో యాంటీబయాటిక్‌కు లొంగని రకాల మీద కూడా ఇది పనిచేసింది. పంపులు మందకొడిగా మారడమే ఇందుకు కారణమని వారు చూపారు.

ఇదంతా గాజు పాత్రలో జరిగింది. రోగి ఒంట్లో పైపరిన్ చేసే పని వేరే ఉంది. మన పేగుల గోడల్లోనూ పంపులున్నాయి, అవి కొన్ని మందులను రక్తంలోకి చేరకుండా వెనక్కి నెడతాయి. పైపరిన్ వాటినీ అడ్డుకుంటుంది, మందులను విరిచే కాలేయపు ఎంజైములనూ నెమ్మదింపజేస్తుంది. జమ్మూ శాస్త్రవేత్తలు కాడిలా ఫార్మాతో కలిసి ఈ గుణాన్ని క్షయ చికిత్సకు వాడుకున్నారు. 2009లో మార్కెట్‌లోకి వచ్చిన రిసోరిన్ అనే మందులో, క్షయకు వాడే రిఫాంపిసిన్ 200 మిల్లీగ్రాములే ఉంటుంది. మామూలుగా పెద్దవాళ్లకు ఇచ్చేది 450. ఆ లోటును పూడ్చేది 10 మిల్లీగ్రాముల పైపరిన్. మిరియం ఇంతదాకా రావడం చిన్న విషయం కాదు. అయితే ఇక్కడ అది గెలిచింది రోగి పేగుల్లో, బ్యాక్టీరియా పంపు దగ్గర కాదు.

పంపును ఆపే మొక్కల పదార్థాలు ఆసుపత్రికి చేరకపోవడానికి ముఖ్య కారణం మోతాదు. సర్పగంధ నుంచి వచ్చే రిసర్పిన్‌నే తీసుకుందాం. ప్రయోగశాలలో అది నోర్-ఏను చక్కగా ఆపుతుంది. కానీ అది రక్తపోటు మందు. పంపును ఆపేంత మోతాదు రక్తంలోకి చేరితే మనిషి నాడులు తట్టుకోలేవు. అందుకే రసాయన శాస్త్రవేత్తలు పైపరిన్ అణువుకు అక్కడక్కడా మార్పులు చేస్తూ, తక్కువ మోతాదులోనే బ్యాక్టీరియా పంపుకు అతుక్కునే రూపాల కోసం వెతుకుతున్నారు.

ఈ కబురు విని యాంటీబయాటిక్ మాత్రతో పాటు గుప్పెడు మిరియాలు నమలాలనుకునేవారికి ఒక మాట. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ స్థాయులు రక్తంలో పైపరిన్ వల్ల పెరుగుతాయని మనుషుల మీద చేసిన అధ్యయనాల్లోనే తేలింది. ఈ రెండూ కాస్త ఎక్కువైనా ప్రమాదకరమైన మందులే. చారులో వేసుకునే చిటికెడు పొడితో చిక్కేమీ లేదు. పైపరిన్ గాఢంగా ఉన్న మాత్రలను మాత్రం డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు.