నీళ్ళపొయ్యి తావు మార్చుట



పెద్దమందడి మొదలగు మన పల్లెలలో పెరటి నీళ్ళపొయ్యి పాతకాలపు సొత్తు. ఇప్పుడు కరెంటు హీటరులు వచ్చినను, కందికట్టె, పత్తికట్టె చేతికందు నిండ్లలో రాగికాగు క్రింద మంట నేటికిని ఆరలేదు. పొయ్యి వేసిననాడు దానిచుట్టు జాగా ఖాళీగనే యుండును. పిమ్మట గడ్డివాము, పసులకొట్టము దానికి చేరువగా వచ్చును. పొయ్యి కదలదు, అపాయమే దాని దగ్గరకు నడచివచ్చును. ఒక్క నిప్పురవ్వ యెగిరిన, ఏడాది మేతయు, కట్టిన పసులును బూడిద యగును. కావున వేసవి రాకమునుపే తావు మార్చుట మేలు.

ఎచట నుంచవలయును? మనకు వానకాలమున పడమటి, నైఋతి గాలులును, చలికాలమున ఈశాన్యపు గాలియు వీచును. పొయ్యి యింటికి ఆగ్నేయమూల నున్నచో, ఒక ఋతువున పొగ యింటికి తూర్పుగను, మరియొక ఋతువున దక్షిణముగను సాగిపోవును. పెద్దలు అగ్నికి ఆగ్నేయమూల నేర్పరచుట గాలివాటమునకును సరిపోవుచున్నది. అయినను వేసవి సుడిగాలికి దిక్కు లేదు. వామునకు 20 గజములకు తక్కువ దూరము పనికిరాదు. స్నానపుగదికి మాత్రము చేరువ గానుండవలె. సలసల కాగిన నీళ్ళు మోయుదారిలో పిల్లలు కాలుటయే మిక్కుటము.

మార్చునపుడు నిప్పు పూర్తిగా ఆర్పి, కాగు చల్లారినపిదప నీళ్ళు తోడివేసి యెత్తవలెను. క్రొత్త పొయ్యి గట్టినేలపై, మూడువైపుల మట్టిగోడతో కట్టి, నీడన బాగుగా ఆరనిచ్చి, మొదట చిన్నమంటతో కాల్చవలెను. లేకున్న గోడ బీటలు వారును. కుళాయిగల బాయిలరైనచో ఆవిరిపోవు దారిని ఎన్నడును మూయరాదు. మూసిన ఆవిరి పాత్రను పగులగొట్టును. తలుపులు మూసిన గదిలో పొయ్యి పెట్టరాదు. వాసనలేని విషవాయువు ప్రాణము తీయును.

కట్టె లెక్క కూడ చూడుడు. 40 లీటర్ల నీటిని 25 నుండి 45 డిగ్రీలకు కాచుటకు 800 కిలోక్యాలరీల వేడి చాలును. ఎండిన కట్టె కిలో ఒక్కటికి సుమారు 4000 కిలోక్యాలరీల వేడి నిచ్చును. అయినను తెరచిన పొయ్యిలో పదింట తొమ్మిది పాళ్ళు గాలిపాలైనచో రెండుకిలోల కట్టె కావలె. గాలికి మరుగు కట్టి, కాగుపై మూత వేసి, పొడికట్టెయే మండించినచో ఖర్చు తగ్గును. పచ్చికట్టె తనలోని తడిని కాచుకొనుటకే వేడిని తినివేయును.

అమెరికా మొదలగు చలిదేశములలో పెరటి బాయిలరు నుండి భూగర్భపు గొట్టములలో వేడినీరు పంపి యింటినే వెచ్చజేయుదురు. అచటను పొగ బాధయే. 2015లో అమెరికా ప్రభుత్వ మట్టి బాయిలరుల పొగకు హద్దు నిర్ణయించినది.

చివరి మాట: పొయ్యిలోని బూడిదను నీళ్ళు చల్లకుండ పెంటకుప్పపై వేయరాదు. పైకి చల్లబడినట్లున్నను లోపల నిప్పు దాగియుండును. ఈ ఆదివారమే పెరడు ఒకమారు తిరిగి, పొయ్యికిని వామునకును నడుమ దూరము అడుగులతో కొలిచి చూడుడు. ఆ కొలతయే మీకు కర్తవ్యమును దెలుపును.