ఇంటి ఫోనుకు అవాంఛిత వ్యాపార కాల్స్: వినియోగదారుల హక్కులు, ఫిర్యాదు విధానం

మధ్యాహ్న భోజనం ముగించి ఇంటిలోని పెద్దలు కాస్త నడుం వాల్చే వేళకు ఫోను మ్రోగడం, వ్యక్తిగత రుణం కావాలా అనో, నగర శివార్లలో ప్లాట్లు చూస్తారా అనో అవతలి నుండి ప్రశ్న రావడం నేడు దాదాపు ప్రతి కుటుంబానికీ అనుభవమే. ఇది కేవలం చికాకుతో ముగిసే విషయం కాదు. విసిగిపోయిన పలువురు క్రొత్త నంబరు నుండి వచ్చే ఏ కాల్‌నూ స్వీకరించడం మానివేయుచున్నారు. ఆ వరుసలోనే ఆసుపత్రి నుండి వచ్చిన కబురు, ఖాతాలో అనుమానాస్పద లావాదేవీ జరిగిందని బ్యాంకు చేసిన హెచ్చరిక కూడా అందకుండా పోయే ప్రమాదమున్నది.

ఈ బెడదను అరికట్టుటకు భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) 2007 జూన్ 5న తొలిసారిగా నిబంధనలు జారీ చేసినది. కాల్స్ వద్దనుకున్న వారి నంబర్లతో జాతీయ రిజిస్టరు నాడే ఏర్పాటైనది. 2010 డిసెంబరు 1న వెలువడిన నిబంధనలు 2011 సెప్టెంబరు 27 నుండి పూర్తిగా అమలులోకి వచ్చినవి. వాటి స్థానంలో 2018 జూలై 19న సమగ్ర నిబంధనలు రాగా, వాటికి 2025 ఫిబ్రవరి 12న కీలకమైన సవరణలు జరిగినవి.

వాణిజ్య కాల్స్, సందేశాలు అసలే వద్దనుకునేవారు 1909 నంబరుకు ఉచితంగా ఫోను చేసి నమోదు చేసుకొనవచ్చును. మొబైల్ వినియోగదారులు ఆంగ్లంలో ‘స్టార్ట్’ అని టైపు చేసి, ఖాళీ విడిచి 0 అంకె చేర్చి అదే నంబరుకు ఎస్.ఎం.ఎస్. పంపినా సరిపోవును. ఎస్.ఎం.ఎస్. సదుపాయం లేని ఇంటి ల్యాండ్‌లైనుకు ఫోను చేయుటయే మార్గం. అన్నీ వద్దనక, బ్యాంకింగ్-బీమా, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం, వినియోగ వస్తువులు-వాహనాలు, సమాచార-వినోద రంగం, పర్యాటకం, ఆహార పానీయాలు అను ఎనిమిది విభాగాలలో ఇష్టం లేనివాటిని మాత్రమే నిరోధించే వెసులుబాటు కూడా కలదు. అయితే ఏదైనా సంస్థకు వినియోగదారుడు విడిగా సమ్మతి ఇచ్చి ఉన్నచో, ఈ నమోదు ఆ సంస్థను ఆపజాలదు. ఆ సమ్మతిని ఉపసంహరించుకొనవలెను. ఉపసంహరించిన పిదప 90 రోజుల వరకు ఆ సంస్థ తిరిగి సమ్మతి కోరరాదు.

నమోదు చేసుకున్నా కాల్స్ ఆగడం లేదన్నది తరచుగా వినవచ్చు ఆరోపణ. ఇందులో నిజం లేకపోలేదు. రిజిస్టరును పాటించేది టెలికాం సంస్థల వద్ద పేరు నమోదు చేసుకున్న టెలిమార్కెటర్లు. సాధారణ పది అంకెల నంబర్లు తీసుకొని దొడ్డిదారిన ఫోన్లు చేసేవారికి ఆ రిజిస్టరుతో పని లేదు. వీరిని పట్టుకొనగలిగినది ఫిర్యాదు ఒక్కటే. కాల్‌ను కోపంగా కట్ చేసినంత మాత్రాన అది ఏ లెక్కలోనూ చేరదు.

2025 సవరణల ప్రాముఖ్యం ఇచటనే ఉన్నది. నమోదు కాని వ్యక్తులపై ఫిర్యాదు చేయుటకు వినియోగదారుడు ముందుగా రిజిస్టరులో చేరి ఉండవలసిన అవసరం ఇప్పుడు లేదు. ఫిర్యాదు గడువు 3 రోజుల నుండి 7 రోజులకు పెరిగినది. పూర్వం ఒక నంబరుపై 7 రోజులలో 10 ఫిర్యాదులు వస్తే గాని చర్యకు వీలుండేది కాదు; ఇప్పుడు 10 రోజులలో 5 ఫిర్యాదులు చాలును. టెలికాం సంస్థ చర్య తీసుకొనవలసిన గడువు 30 రోజుల నుండి 5 రోజులకు తగ్గినది. తొలి ఉల్లంఘనకు 15 రోజులు అవుట్‌గోయింగ్ సేవల నిలిపివేత, పునరావృతమైనచో అన్ని కంపెనీలలోనూ ఏడాది పాటు కనెక్షన్ల రద్దు. ఉల్లంఘనల సంఖ్యను తప్పుగా చూపిన టెలికాం సంస్థలకు తొలిసారి 2 లక్షలు, రెండవసారి 5 లక్షలు, ఆపై ప్రతిసారీ 10 లక్షల రూపాయల చొప్పున ఆర్థిక భారం తప్పదు. ఒకే కాలనీలో ఐదు కుటుంబాలు శ్రద్ధ వహించినా ఒక నంబరు మూగబోగలదన్నమాట! ఫిర్యాదులో కాల్ వచ్చిన నంబరు, తేదీ, విషయం క్లుప్తంగా తెలిపిన చాలును. 1909తో పాటు ట్రాయ్ వారి డి.ఎన్.డి. యాప్ ద్వారానూ పంపవచ్చును.

ఫోను ఎత్తక ముందే కాల్ స్వభావం తెలుసుకొనుటకు నంబరు వరుసలు ఉపకరించును. ప్రచార కాల్స్‌కు 140తో, సేవా సంబంధమైన కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించబడినవి. బ్యాంకులు ఈ విభజనను పాటించవలెనని భారతీయ రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఆదేశించినది. సందేశాలలో పంపినవారి పేరు చివర వచ్చు ‘పి’ అక్షరం ప్రచారానికి, ‘ఎస్’ సేవకు, ‘టి’ లావాదేవీకి, ‘జి’ ప్రభుత్వానికి గుర్తు.

పాత్రికేయ మిత్రులకు ఒక మనవి. వార్తా కథనాలలో 1909, 1930 నంబర్లు కలగాపులగమగుచున్నచో పాఠకుడే నష్టపోవును. 1909 వ్యాపార కాల్స్‌కు సంబంధించినది. పోలీసులమని బెదిరించుట, ఓ.టి.పి. అడుగుట వంటివి మోసపు యత్నాలు. డబ్బు పోకముందే అనుమానం కలిగినచో కేంద్ర టెలికాం శాఖ 2024 మార్చిలో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లోని ‘చక్షు’ విభాగంలో తెలుపవలెను. వాట్సాప్‌లో వచ్చినవీ అచట స్వీకరింపబడును. డబ్బు పోయినచో క్షణమైనా జాగు చేయక 1930కి ఫోను చేయవలెను. సొమ్ము మరొక ఖాతాకు తరలిపోక ముందే నిలుపుదల చేయించుటకు అవకాశముండేది ఆ తొలి ఘడియలలోనే.