గర్భిణికి రొమ్ము కాన్సరు: తల్లీబిడ్డల రక్షణ

గర్భిణి రొమ్మున గడ్డ కనిపించినచో “పాలగడ్డ, కాన్పు కాగానే కరగును” అని ఉపేక్షించుట పరిపాటి. పెక్కు గడ్డలు నిరపాయకరములే. కాని సుమారు 3,000 గర్భములలో ఒకదాన అది కాన్సరు కావచ్చును. గర్భకాలమున రొమ్ములు సహజముగ బరువెక్కుటచే వ్యాధి ఆలస్యముగ బయటపడును. రెండు వారములైనను కరగని గడ్డను వైద్యునకు చూపవలెను. స్కానింగు, సూది పరీక్షల వలన శిశువునకు హాని లేదు.

గర్భస్రావము చేయించినంతమాత్రమున రోగము నయము కాదు. శస్త్రచికిత్స ఏ నెలయందైనను చేయవచ్చును. తొలి మూడు నెలలు శిశువు అవయవములు రూపొందుకాలము గనుక కాన్సరు మందులు ఇయ్యరు. పిదప ఇచ్చి, ప్రసవమునకు సుమారు 3 వారముల ముందు నిలుపుదురు. కిరణచికిత్స ప్రసవానంతరమే.

తల్లి కాన్సరు బిడ్డకు సాధారణముగ సంక్రమింపదు. గర్భములో నుండగా తల్లులకు కాన్సరు సోకిన 129 మంది పిల్లల ఎదుగుదల ఇతర పిల్లలవలెనే యున్నట్లు 2015లో ఐరోపా పరిశోధకులు ప్రకటించిరి. నెలలు నిండక పుట్టుటయే బిడ్డకు ముఖ్యమైన ముప్పు. కావున కాన్పునకు తొందరపడరాదు. మందులు వాడు తల్లి చన్నుపాలు ఈయరాదు. బిడ్డ ఆహారమును వైద్యుడే నిర్ణయించవలెను.

హైదరాబాదున పురానాపూల్ సమీపమున పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి వైద్యశాల, రెడ్‌హిల్సులో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి కలవు. ప్రసూతి వైద్యులు, కాన్సరు వైద్యులు కలిసి చూచిననే ఇరువురికిని రక్షణ.

పంచాయతీ సభ్యులారా! ఆశా కార్యకర్తతో మాటలాడుడు. ఆరోగ్యశ్రీ వివరములు తెలుపుడు. సిగ్గుచేతను, భయముచేతను ఏ తల్లియు ఇంట మిగిలిపోకుండ చూడుడని మా విజ్ఞప్తి.